లేబుల్ లేని మూడు సీసాలు: గ్రూపు ఒకటే, ప్రమాదం మూడు రకాలు

కెమిస్ట్రీ ల్యాబ్ స్టోరు బాధ్యత నాకు అప్పగించిన వారంలోనే ఈ కేసు మొదలైంది. కింది అరలో, పగిలిన కండెన్సర్ల డబ్బా చాటున మూడు గాజు సీసాలు దొరికాయి. లేబుళ్లు నూనె పీల్చుకుని ముద్దయిపోయాయి, సిరా చెదిరిపోయింది. పాత రిజిస్టరు తిరగేస్తే వాటి గురించి ఒకే ఒక్క వరుస కనిపించింది: "గ్రూపు 1 లోహాలు, 3 సీసాలు, కిరోసిన్‌లో." ఏ సీసాలో ఏముందో రాయలేదు, ఎప్పుడు తెరిచారో అసలే లేదు.

ఆ వరుస రాసినవాళ్లను తిట్టుకోవడం తేలికే. కానీ ఆ ధోరణి మనందరికీ పాఠం నుంచే అలవాటైంది. గ్రూపు 1 లోహాలనే క్షార లోహాలంటాం. వాటన్నిటికీ చివరి కక్ష్యలో ఒకటే ఎలక్ట్రాన్, కాబట్టి ధర్మాలన్నీ ఒకేలా ఉంటాయి, కాబట్టి అన్నిటినీ కిరోసిన్‌లో ఉంచాలి. ఇందులో మొదటి మాట పూర్తిగా నిజం, రెండోది చాలావరకు నిజం. మూడోది సోడియం కోసం పుట్టిన జాగ్రత్త. దాన్ని గ్రూపు మొత్తానికీ అంటించేశారు. ఈ కేసులో మాకు ఎదురైన ఇబ్బందులన్నీ ఆ అంటింపు దగ్గరే మొదలయ్యాయి.

ముట్టుకోకుండా ఎంత తెలుస్తుంది?

సీసాలను కదపకుండా, అర ముందు కూర్చుని టార్చి వేసి చూశాను. ఒక పావుగంట అలా చూడటమే ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

మొదటి సీసాలో ముక్కలు నూనె మీద తేలుతున్నాయి. పైకి తేలిన భాగమంతా నల్లగా మాడినట్టు ఉంది. కిరోసిన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.8 గ్రాములు. సోడియం సాంద్రత 0.97, పొటాషియంది 0.86. రెండూ అందులో మునగాల్సిందే. తేలేది ఒక్క లిథియమే, దాని సాంద్రత 0.53. లోహాలన్నిటిలోకీ తేలికైనది అదే. అంటే మూత తీయకుండానే ఒక సీసా పేరు దాదాపు ఖాయమైంది.

రెండో సీసాలో ముక్కలు అడుగున ఉన్నాయి. వాటి మీద తెల్లటి, బూడిద రంగు పెచ్చు. నూనె మెడ దాకా నిండుగా ఉంది, మూత మరల దగ్గర ఏమీ పేరుకోలేదు.

మూడో సీసా చూడగానే చేతులు వెనక్కి తీసుకున్నాను. నూనె సగానికి తగ్గిపోయింది, ముక్కలు సగం బయటపడ్డాయి. వాటి మీద పసుపు, నారింజ కలిసిన పొలుసు. మూత అంచున కూడా అదే రంగు పొడి.

నాతో ఉన్న కొత్త ల్యాబ్ అసిస్టెంట్ అప్పటికే ఒక పరిష్కారం ఆలోచించేశాడు. "మేడమ్, మూడూ ఒకే గ్రూపు కదా. ఒక పెద్ద డబ్బాలో పోసేసి, మీద కిరోసిన్ నింపి, ఒకేసారి వ్యర్థాలకు పంపేద్దామా?"

అతను తెలివితక్కువగా అడగలేదు. చదువుకున్న పాఠాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయబోయాడు. నేను వద్దన్నది ఎందుకో చెప్పడానికి స్టోరు గదిలోనే అట్టముక్క మీద ఎలక్ట్రాన్ విన్యాసాలు, అంటే ఏ కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో చెప్పే వరుసలు, రాయాల్సి వచ్చింది.

అట్టముక్క మీద రాసింది

లిథియం, పరమాణు సంఖ్య 3: 1ఎస్² 2ఎస్¹. సోడియం, 11: [నియాన్] 3ఎస్¹. పొటాషియం, 19: [ఆర్గాన్] 4ఎస్¹. రుబీడియం, 37: [క్రిప్టాన్] 5ఎస్¹. సీసియం, 55: [జీనాన్] 6ఎస్¹. ఫ్రాన్షియం, 87: [రేడాన్] 7ఎస్¹. ఫ్రాన్షియాన్ని సీసాలో చూసే భాగ్యం ఎవరికీ లేదు. 1939లో మార్గరీట్ పెరే కనుగొన్న ఐసోటోపు అర్ధాయువు సుమారు 22 నిమిషాలే.

కుండలీకరణాల్లో ఉన్నది నిండిన ఇల్లు, బయట ఉన్నది ఒంటరి ఎలక్ట్రాన్. సోడియం నుంచి ఆ మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు చాలు. రెండోది కావాలంటే 4562. ఇంచుమించు తొమ్మిది రెట్లు. అందుకే ఈ లోహాల లవణాల్లో ఎప్పుడు చూసినా ప్లస్ ఒకటి తప్ప వేరే ఆవేశం కనబడదు. గ్రూపును కలిపి ఉంచేది ఈ ఒక్క అంకె. హైడ్రాక్సైడ్‌లన్నీ క్షారాలు కావడం, క్లోరైడ్‌లు ఒకే నిష్పత్తిలో ఏర్పడటం, నీటితో కలిస్తే అన్నీ హైడ్రోజన్ వదలడం, కత్తితో కోయగలిగినంత మెత్తగా ఉండటం, అన్నిటికీ మూలం అదే. లోహ బంధానికి పరమాణువు తరఫున ఒకే ఎలక్ట్రాన్ వస్తే ఆ బంధం ఎంత గట్టిగా ఉంటుంది?

అయితే ఆ ఎలక్ట్రాన్ కింద ఉన్న ఇల్లు అందరికీ ఒకే సైజు కాదు. లోహ వ్యాసార్ధం లిథియంకు 152 పికోమీటర్లు, సోడియంకు 186, పొటాషియంకు 227, సీసియంకు 265. లోపలి కక్ష్యలు పెరిగేకొద్దీ బయటి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతుంది, మధ్యలో ఉన్న ఎలక్ట్రాన్లు దానికి అడ్డుతెర అవుతాయి. అయనీకరణ శక్తి, అంటే ఆ ఎలక్ట్రాన్‌ను తీయడానికి మోల్‌కు పట్టే శక్తి, లిథియం దగ్గర 520, పొటాషియం దగ్గర 419, సీసియం దగ్గర 376 కిలోజౌళ్లు. ద్రవీభవన స్థానాలు కూడా లిథియం నుంచి కిందికి అలాగే జారిపోతాయి: 180.5, 97.8, 63.5, 39.3, 28.5 డిగ్రీలు. చివరిది సీసియం. సీలు చేసిన గొట్టంలో ఉన్న సీసియం అరచేతి వేడికే కరుగుతుంది.

మా అసిస్టెంట్ ప్రతిపాదన తప్పింది ఇక్కడే. సోడియం, పొటాషియం ముక్కలు శుభ్రమైన ముఖాలతో ఒకదానికొకటి తగిలితే గది ఉష్ణోగ్రత దగ్గరే కలిసిపోయి ద్రవ మిశ్రమలోహం అవుతాయి. పొటాషియం బరువులో 77 శాతం ఉన్న మిశ్రమం మైనస్ 12.6 డిగ్రీల దాకా గడ్డకట్టదు. చూడటానికి పాదరసంలా ఉంటుంది, ప్రవర్తనలో మాత్రం విడి లోహాలకంటే మొండిది. రెండు ఘనపదార్థాల డబ్బా అనుకుని పంపితే, దారిలో అది గాలి తగిలితే అంటుకునే ద్రవంగా మారే అవకాశం ఉంది.

పసుపు పెచ్చు కథ

మూడో సీసా నన్ను ఎందుకు భయపెట్టిందో కాస్త వివరంగా చెప్పాలి. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో దాటిపోయే విషయం ఇది.

ఈ లోహాలు ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఒక్కొక్కటి ఒక్కో రకం సమ్మేళనాన్ని ఇస్తుంది. లిథియం ప్రధానంగా మామూలు ఆక్సైడ్ ఇస్తుంది. సోడియం మండితే ప్రధానంగా పెరాక్సైడ్, అందులో ఆక్సిజన్లు జంటగా ఉంటాయి. పొటాషియం, రుబీడియం, సీసియం సూపర్ ఆక్సైడ్ దాకా వెళ్తాయి, అందులోనూ ఆక్సిజన్లు జంటగానే ఉంటాయి, లోహం లెక్కన ఇంకా ఎక్కువ. కారణం మళ్లీ సైజే. లిథియం అయాన్ వ్యాసార్ధం 76 పికోమీటర్లు, సోడియం అయాన్‌ది 102, పొటాషియం అయాన్‌ది 138. చిన్న లిథియం అయాన్ మీద ఆవేశం కుదించినట్టు ఉంటుంది. రెండు ఆక్సిజన్లు కలిసిన పెద్ద రుణ అయాన్‌ను అది తన వైపు లాగి విడగొట్టేస్తుంది, చిన్న ఆక్సైడ్ అయాన్‌తో బిగువైన స్ఫటికం కట్టుకుంటుంది. పొటాషియం అయాన్‌కు అంత లాగే బలం లేదు. పెద్ద అయాన్ పక్కన పెద్ద అయాన్ సర్దుకుని కూర్చుంటుంది.

ఆ పొటాషియం సూపర్ ఆక్సైడ్ రంగే పసుపు. తేమ తగిలితే ఆక్సిజన్ వదిలే పదార్థం అది. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టి శ్వాస పరికరాల్లో వాడతారు. ప్రాణం నిలిపే పదార్థమే, కానీ సీసాలో దాని పక్కన ఏమున్నాయో చూడండి. ఒకవైపు శుద్ధ పొటాషియం, అంటే బలమైన క్షయకరణి, ఎలక్ట్రాన్లను ఇచ్చేసేది. మరోవైపు కిరోసిన్, అంటే ఇంధనం. మధ్యలో పొరగా సూపర్ ఆక్సైడ్, అంటే బలమైన ఆక్సీకరణి, ఎలక్ట్రాన్లను లాక్కునేది. ముక్కను కత్తితో కోస్తే ఈ మూడూ ఒత్తిడితో ఒకదానిలోకి ఒకటి నొక్కుకుంటాయి. పాత పొటాషియాన్ని కోస్తూ పేలుడు పాలైన సంఘటనలు రసాయన ప్రయోగశాలల చరిత్రలో కొత్త కాదు. నూనెలో ముంచి ఉంచినంత మాత్రాన భద్రం కాదు, నూనెలో కరిగిన ఆక్సిజన్‌తోనూ ఈ పొర మెల్లగా పెరుగుతుంది.

మూత మరల్లో కూడా ఆ పొడి ఉంది కాబట్టి మూత తిప్పడం కూడా రాపిడే. మూడో సీసాను తెరవకూడదని, కదపకూడదని నిర్ణయించాం. గది తాళం వేసి, తలుపు మీద నోటీసు అంటించి, ప్రమాదకర వ్యర్థాల్లో శిక్షణ ఉన్న బృందానికి ఫోన్ చేశాం. వాళ్లు కవచం చాటు నుంచి, పొడవాటి పట్టుకారుతో సీసాను ఎత్తి, పొడి ఇసుక నింపిన ఉక్కు పీపాలో దించి తీసుకెళ్లారు. లోపల ఉన్నది రుబీడియమో సీసియమో కావచ్చు కదా అని అసిస్టెంట్ అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ రెండూ మామూలుగా గాలి తీసేసో ఆర్గాన్ నింపో సీలు చేసిన గాజు గొట్టాల్లో వస్తాయి, నూనె సీసాలో ముక్కలుగా రావు. రిజిస్టరులో "పొటాషియం, రంగును బట్టి" అని రాశాం.

రెండో సీసా: పసుపు మంటను నమ్మొచ్చా?

తెల్ల పెచ్చు ఉంటే సోడియం అనేసుకోవడం సహజం. కానీ గాలి తేమ తగిలిన పొటాషియం మీద కూడా హైడ్రాక్సైడ్, కార్బొనేట్ తెల్లగానే పేరుకుంటాయి. నిర్ధారణ అయ్యేదాకా దాన్ని పొటాషియంగానే చూడాలనుకున్నాం. అందుకే ముక్కను కోయలేదు, గీకలేదు. మూత శుభ్రంగా ఉంది కాబట్టి కవచం వెనక నెమ్మదిగా తెరిచి, అడుగున రాలిన తెల్లటి పొడిని కొద్దిగా డ్రాపర్‌తో తీశాం. పొడి హెక్సేన్‌తో నూనె కడిగి, లోహపు రజను ఏమైనా ఉంటే పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాసేపు ఉంచి, తర్వాత ఒక చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించాం. ప్లాటినం తీగ చివర ఆ చుక్కను మంటలో పెడితే గది అంతా పసుపు పరుచుకుంది.

ఇక్కడ తొందరపడితే మోసపోతాం. సోడియం 589 నానోమీటర్ల దగ్గర ఇచ్చే పసుపు ఎంత ప్రకాశవంతమంటే, చేతి చెమటలోని ఉప్పు సైతం మంటను పసుపు చేసేస్తుంది. పొటాషియం లేత ఊదా రంగు దాని చాటున దాక్కుంటుంది. నీలి కోబాల్ట్ గాజు అడ్డం పెట్టుకుని మళ్లీ చూశాం. పసుపు ఆగిపోయింది, వెనక ఊదా ఏమీ లేదు. పోల్చుకోవడానికి పొటాషియం క్లోరైడ్ చుక్కను అదే గాజులోంచి చూస్తే ఎర్రటి ఊదా స్పష్టంగా కనబడింది. అప్పుడు గానీ రెండో సీసా మీద "సోడియం" అని రాయలేదు.

ఈ రంగులు కూడా ఆ ఒంటరి ఎలక్ట్రాన్ చలవే. మంట వేడికి అది పై శక్తి స్థాయికి ఎక్కి దిగుతుంది, దిగేటప్పుడు ఆ తేడాను కాంతిగా వదులుతుంది. ఎక్కే మెట్లు ఒక్కో మూలకంలో ఒక్కో ఎత్తు. జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్చాఫ్ 1860లో సీసియాన్ని, 1861లో రుబీడియాన్ని పట్టుకున్నది వర్ణపటంలో ఇలాంటి గీతలతోనే. లోహం చేతికి రాకముందే పేరు పెట్టేశారు.

సోడియాన్ని వదిలించుకోవడం, ఒక తప్పిన ప్రమాదం

లెక్క ముందు వేసుకున్నాం. రెండు పరమాణువులకు ఒక హైడ్రోజన్ అణువు వస్తుంది, ఇది గ్రూపు మొత్తానికీ ఒకటే. గ్రాముల్లోకి మారిస్తే మాత్రం కథ వేరు. గ్రాము సోడియం నుంచి సుమారు అర లీటరు హైడ్రోజన్ వస్తే, గ్రాము లిథియం నుంచి లీటరున్నరకు పైనే వస్తుంది, ఎందుకంటే లిథియం పరమాణు భారం 7 కూడా లేదు. "నీటిలో మెల్లగా కదిలే సాధువు" అని పేరున్న లిథియమే బరువు లెక్కన ఎక్కువ వాయువు ఇచ్చేది. అందుకే ఒక్కో విడతకు సోడియం ఐదు గ్రాములు, లిథియం ఒక్క గ్రాము అని పరిమితి పెట్టుకున్నాం.

ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో పొడి ఫ్లాస్కు, అందులో ఆర్గాన్ ప్రవాహం, టోలీన్‌లో మునిగిన సోడియం ముక్కలు. పై నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కచుక్కగా. బుడగలు నిదానంగా వచ్చాయి. మొదటి విడతలో గంటన్నరకు బుడగలు ఆగిపోయాయి. అడుగున తెల్లటి చిక్కటి ముద్ద. అసిస్టెంట్ "అయిపోయింది మేడమ్" అంటూ నీళ్ల సీసా అందుకున్నాడు.

నేను ఆపి, గాజు కడ్డీతో ఆ ముద్దను మెల్లగా తోశాను. పైన తెల్లగా చిట్లింది, లోపల వెండిలా మెరిసింది. కందిపప్పు పలుకంత సోడియం చెక్కుచెదరకుండా ఉంది. సోడియం, ఆల్కహాల్ కలిసి ఏర్పడిన ఆల్కాక్సైడ్ జిగురులా లోహం చుట్టూ కవచం కట్టింది, కొత్త ఆల్కహాల్ లోపలికి చేరక బుడగలు ఆగాయి. ఆ క్షణంలో నీళ్లు పోసి ఉంటే, కవచం కరిగిపోయి, లోహం ఒక్కసారిగా నీటిని తాకి, పైన టోలీన్ ఆవిరి ఉండగా హైడ్రోజన్ అంటుకునేది. "బుడగలు ఆగడం ముగింపు కాదు" అని ఆ రోజే హుడ్ గాజు మీద మార్కర్‌తో రాశాం. తర్వాత ఇథనాల్, ఆపై మెథనాల్, ప్రతిసారీ కడ్డీతో కలిపి చూసి, చివరికే నీళ్లు.

నీటితో ఈ లోహాల పోట్లాట అనుకున్నంత సూటిగా ఉండదు. 2015లో మేసన్, యుంగ్‌విర్త్ అనే శాస్త్రవేత్తల బృందం హై స్పీడ్ కెమెరాతో సోడియం, పొటాషియం ద్రవ మిశ్రమం చుక్కను నీటిలో పడుతుండగా తీసింది. మిల్లీసెకనులో సగం కూడా గడవకముందే చుక్క లోంచి లోహపు ముళ్లు పొడుచుకొచ్చాయి. ఎలక్ట్రాన్లు నీటిలోకి దూకేయడంతో మిగిలిన ధన అయాన్లు ఒకదాన్నొకటి తోసుకోవడమే దానికి కారణమని తేల్చారు. హైడ్రోజన్ మండటం ఆ తర్వాతి సంగతి.

లిథియం ఇచ్చిన సాక్ష్యం

లిథియం ముక్క నిజంగానే నెమ్మదిగా కరిగింది. విద్యార్థులు తరచూ అడిగే చిక్కు ఇక్కడే ఉంది. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ (నీటిలో లోహం ఎలక్ట్రాన్‌ను ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పే అంకె, ఎంత మైనస్ అయితే అంత తేలిక) చూస్తే లిథియంకు మైనస్ 3.04 వోల్టులు, సోడియంకు మైనస్ 2.71, పొటాషియంకు మైనస్ 2.93. అంకెల ప్రకారం లిథియమే బలమైన క్షయకరణి. అయనీకరణ శక్తి ఎక్కువైనా, ఆ బుల్లి అయాన్‌ను నీటి అణువులు చుట్టుముట్టినప్పుడు విడుదలయ్యే శక్తి ఆ లోటును పూడ్చి ఇంకా మిగులుతుంది. నీటితో చర్యలో మోల్ లెక్కన వేడి కూడా లిథియంకే ఎక్కువ. కానీ ఆ వేడికి లిథియం ద్రవంగా మారదు, దానికి 180 డిగ్రీలు కావాలి. సోడియం 98 దగ్గరే కరిగి గుండ్రటి బొట్టయిపోతుంది, ఉపరితలం ఎప్పటికప్పుడు కొత్తగా తేలుతుంది. ఎంత శక్తి వస్తుందనేది ఒక ప్రశ్న, ఎంత త్వరగా వస్తుందనేది మరొకటి. పట్టికలోని వోల్టులు రెండోదాని గురించి ఏమీ చెప్పవు.

ఆల్కహాల్‌తో పని ముగిశాక అడుగున నల్లటి పెచ్చు మిగిలింది. కొద్దికొద్దిగా నీళ్లు కలుపుతుంటే, వాయువు బయటికి పోయే గొట్టం దగ్గర ఘాటైన వాసన. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని గొట్టం మూతికి చూపిస్తే నీలంగా మారింది. అమ్మోనియా. అంటే ఆ నల్ల పెచ్చులో లిథియం నైట్రైడ్ ఉంది. క్షార లోహాల్లో గది ఉష్ణోగ్రత దగ్గర నేరుగా నైట్రోజన్‌తో కలిసేది లిథియం ఒక్కటే. నైట్రైడ్ అయాన్ మీది మూడు రుణావేశాలను బిగించి పట్టుకోగల సైజు దానికే ఉంది. ఈ విషయంలో అది తన గ్రూపు వాళ్లకంటే పక్క గ్రూపులోని మెగ్నీషియానికి దగ్గర చుట్టం.

కిరోసిన్ మీద తేలిన ముక్క ఏళ్ల తరబడి గాలిలో ఉన్నట్టే లెక్క. దాన్ని కాపాడాల్సిన నూనె దాని కిందే ఉండిపోయింది. మధ్యలో ఒకసారి, పని పూర్తయ్యేదాకా లిథియం ముక్కలను నైట్రోజన్ నింపిన పాత్రలో ఉంచుదామన్న సలహా కూడా వచ్చింది. సోడియానికైతే పనికొచ్చే సలహానే.

మార్చినవి

స్టోరులో క్షార లోహాల పక్కన కార్బన్ డయాక్సైడ్ ఆర్పుడు పరికరం వేలాడుతుండేది. మండుతున్న సోడియం, పొటాషియం, లిథియం ఏవీ దానికి లొంగవు, ఆ వాయువుతోనే చర్య జరుపుతాయి. తీసేశాం. సోడియం దగ్గర పొడి ఉప్పు ఆధారంగా పనిచేసే లోహాగ్ని పొడి, లిథియం దగ్గర గ్రాఫైట్ పొడి పెట్టాం. మండే లిథియం ఇసుకను కూడా వదలదు కాబట్టి ఒకే ఇసుక బకెట్ అందరికీ సరిపోదు. లిథియం ఇప్పుడు ఆర్గాన్ నింపిన సీలు డబ్బాలో ఉంటుంది. సోడియం నూనెలోనే, నిండా మునిగేలా. పొటాషియం స్టాకు పెట్టడం మానేశాం. అవసరమైనప్పుడు చిన్న సీలు గొట్టం తెప్పిస్తాం, తెరిచిన తేదీ గాజు మీదే రాస్తాం, ఆరు నెలలు దాటితే లేదా పసుపు కనబడితే కోయకుండా పంపేస్తాం. ఆరు నెలలు అన్నది మేం పెట్టుకున్న గడువు, నా మటుకు అది కూడా కాస్త ఎక్కువే.

రిజిస్టరులో పాత వరుస కొట్టేసి మూడు వేరువేరు పేజీలు కేటాయించాం. పేజీ మొదట్లో లోహం పేరు కింద దాని విన్యాసం రాసిపెట్టింది అసిస్టెంటే. పొటాషియం పేజీలో [ఆర్గాన్] 4ఎస్¹ పక్కన పసుపు స్కెచ్ పెన్నుతో ఒక చుక్క కూడా పెట్టాడు.